శాలువా కప్పించుకోని ఎమ్మెల్యే

జర్మనీలోని కెమ్నిట్జ్‌లో మా వీధి చివరి బేకరీ తలుపు మీద ‘శనివారం ష్ప్రెష్టుండె’ అని చిన్న బోర్డు ఉండేది. డాక్టర్లు రోగుల్ని చూసే వేళకు ఇక్కడ అదే మాట. మా ఆవిడ ఖమ్మంలో పేరున్న పళ్ళ డాక్టరు కాబట్టి ఆ మాట చూసి ఆగిపోయింది.

“బేకరీల డాక్టరేంది? పొద్దుగాల కేకులు తినిపిచ్చి మాపటికి పళ్ళు పీకుతరా?” అంది.

పక్కింటి పెద్దావిడను అడిగితే నవ్వి అసలు సంగతి చెప్పింది. అది మా నియోజకవర్గం ఎమ్మెల్యే జనంతో మాట్లాడే వేళ అట.

ఎమ్మెల్యే అనేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆవిడ డిగ్రీని గుర్తించి ప్రాక్టీసుకు అనుమతి ఇవ్వాల్సిన ఆఫీసు, ఎప్పుడడిగినా ‘పరిశీలనలో ఉంది’ అనేది. ఆమె విసిగిపోయింది. “ఎండకాలం దాంక చూస్త. అప్పటికీ కాకపోతే పాపను తీస్కొని ఖమ్మం పోత. నీ బ్లూకార్డు, నీ నౌకరి నువ్వు చూస్కో,” అని తేల్చేసింది. ఆమె మాటంటే మాటే. నాకు నిజంగా భయం పట్టుకుంది. ఎమ్మెల్యే చేత ఒక సిఫారసు రాయించుకుంటే చాలుననుకున్నాను. ఉత్తచేతులతో వెళ్తే ఏం బాగుంటుందని పెట్టె అడుగు నుంచి జరీ అంచు శాలువా తీశాను.

శనివారం నేనూ మా ఆవిడా వెళ్తుంటే, తోడొచ్చిన పెద్దావిడ దారిలో ఆ బేకరీ కథంతా చెప్పింది. బెర్లిన్ గోడ కూలాక ఇక్కడ మొదట గెలిచింది ఒక ఫ్యాక్టరీ ఇంజనీరు. ఆఫీసు గది దొరక్క బేకరీ వెనక గదిలో బల్ల వేసుకున్నాడు. ఫ్యాక్టరీలు మూతపడి వీధికి వీధే పని పోగొట్టుకున్న రోజులవి. జనం తిట్టడానికే వచ్చేవారు. తిట్లన్నీ విని, కాఫీ తెప్పించి, “ఇప్పుడు చెప్పండి” అనేవాడట. ఆయన్ని ఓడించిన బడిపంతులు ఎదుటి పార్టీ మనిషైనా ఆ బల్లను కదపలేదు. హద్దులు మారి మా వీధి కొన్నేళ్ళు పక్క నియోజకవర్గంలోకి పోతే, “గీత పటం మీద గీశారు, నా బల్ల మీద కాదు” అని మా వీధివాళ్ళనూ కూర్చోబెట్టాడట. ఇప్పుడున్నావిడ మూడో మనిషి, మూడో పార్టీ. బల్ల మాత్రం అదే. మా దగ్గర ఎమ్మెల్యే మారితే ఫ్లెక్సీలే కాదు, టీ పోసేవాడు కూడా మారిపోతాడు. వాళ్ళని చూడకుండానే ఆ ముగ్గురి మీదా నాకు గౌరవం కలిగింది.

వెనక గదిలో సైకిల్ హెల్మెట్ పక్కన పెట్టుకుని ఒకావిడ కూర్చుని ఉంది. నేను శాలువా విప్పి భుజాల మీద కప్పబోయాను.

“నాకు చలిగా లేదండి,” అంది కంగారుగా.

మా పద్ధతి చెప్పాను. ఆమె జరీ అంచును వేలితో తడిమి చూసింది. “చాలా బాగుంది. కానీ అడగడానికి వచ్చినవాళ్ళ దగ్గర ఈ బల్ల ముందు ఎవరమూ ఏదీ తీసుకోలేదు,” అని మడతపెట్టి నా చేతికే ఇచ్చింది.

నేను నసుగుతూ సిఫారసు మాట ఎత్తాను.

“నేను సిఫారసు చేస్తే మీ ఆవిడ ఇంకొకరిని దాటి ముందుకు వెళ్తుంది. ఆ ఇంకొకరు బేకరీకి రాలేదు, అంతేగా తేడా? అసలు వరసే ఎందుకు కదలడం లేదో అసెంబ్లీలో అడుగుతాను.”

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె నన్ను వదిలేసి మా ఆవిడ వైపు తిరిగింది. ఖమ్మంలో ఎలాంటి కేసులు చూసేదో అడిగింది. మా ఆవిడ వచ్చీరాని జర్మన్‌లో గుట్కా నమిలి నోరు తెరవలేని ఆటోడ్రైవర్ల గురించి చెబుతుంటే, మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాకుండా వింది. ఈ దేశంలో ఆమె పని గురించి అడిగిన మొదటి మనిషి ఆవిడే. బయటికొచ్చాక మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

ఎమ్మెల్యే అసెంబ్లీలో అడిగింది. డొంకతిరుగుడు జవాబొస్తే మళ్ళీ అడిగింది. ఎండాకాలం రానే వచ్చింది. నేను భయపడుతూనే టికెట్ల మాట ఎత్తాను.

“ఆమె అడుగుతున్నది గద. జర ఆగుదాం,” అంది మా ఆవిడ.

చివరికి ఆ ఆఫీసులో మనుషుల్ని పెంచారు. వరస మొత్తం కదిలింది. మా ఆవిడ వంతు ఎవరినీ దాటకుండా, దాని వేళకు అదే వచ్చింది.

ఇప్పుడామె పనిచేసే క్లినిక్ తలుపు మీద ఆమె పేరు, కింద ‘ష్ప్రెష్టుండె’ అనే మాట ఉన్నాయి. మొన్న ఎమ్మెల్యే వాచిన దవడ పట్టుకుని అక్కడికి వచ్చిందట. టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, తీసుకోలేదు కాబట్టి చివరనే కూర్చుంటానని, నొప్పితోనే అందరి వెనకా కూర్చుందట.

పన్ను తీయడం అయ్యాక మా ఆవిడ క్లినిక్ అల్మారాలో దాచి ఉంచిన ఆ శాలువా తెచ్చింది. “ఇక్కడ అడగడానికి వచ్చింది మీరు, నేను కాదు,” అంది.

మత్తుకు సగం నోరు తిమ్మిరెక్కి ఎమ్మెల్యే ఏమీ అనలేకపోయింది. కప్పించుకోవడానికి తల వంచింది.