మామ గమకం, నా మాడ్యూల్

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో కర్నూలులో ఒక పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాణ్ణి. మాతో సన్నాయి ఊదే పెద్దాయన్ను అందరం మామా అని పిలిచేవాళ్ళం. ఆ మామ బతుకుతెరువును నా చేతులతోనే పోగొట్టాను. ఇంకెవరి మీదికీ నెట్టే వీలు లేదు.

అప్పట్లో హైదరాబాదు పోయి రెండు పాత పెట్టెలు మోసుకొచ్చాను. ఒకటి సీక్వెన్సర్, రెండోది సౌండ్ మాడ్యూల్. నడుమ ఆజ్ఞలు మోసే ఒక మిడి వైరు. సీక్వెన్సర్‌కు గొంతు లేదు. ఏ స్వరం, ఎంతసేపు, ఎంత వంచాలి అని ఆజ్ఞలు పంపుతుంది, అంతే. మాడ్యూల్‌కు బుద్ధి లేదు. చెప్పింది చెప్పినట్టు మోగుతుంది. అందులో షెహనాయి అని ఒక శబ్దం ఉంటే, దాని నంబరు పంపి చూశాను. నిజం చెప్పొద్దూ, గొంతు నులిమిన మేకపిల్లలా అరిచింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మామను పిలిచి వినిపించాను. "నీకు ఒంట్లో బాగలేని రోజు పనికొస్తుంది మామా" అన్నాను. అన్నప్పుడు అది అబద్ధం కాదు.

ఆయన పకపకా నవ్వాడు. "ఏమప్పా, ఇది సన్నాయా? స్వరం మీంద నిలబడి ఎగురుతాండాది గానీ జారల్యా" అంటూ నా పక్కన కూచున్నాడు.

నాలుగు రోజులు కూచున్నాడు. ఆయన ఊదడం, నేను కీబోర్డు మీది చక్రం తిప్పి స్వరాన్ని వంచి సీక్వెన్సర్‌లోకి ఎక్కించడం. ఒక మీట నుంచి పక్క మీటకు ఒక మెట్టు అనుకుంటే, మాడ్యూల్ మామూలుగా రెండు మెట్లే వంగుతుంది. నాలుగు మెట్లు వంగమని ఆజ్ఞ పంపాక అచ్చం ఆయన జారుడే పలికింది. స్విచ్ ఆపితే అది మళ్ళీ రెండు మెట్లకే వచ్చేస్తుంది కాబట్టి, పెట్టె వేసినప్పుడల్లా ఆ ఆజ్ఞ చేత్తో పంపేవాణ్ణి.

"అబ్బ! ఇప్పుడు శానా బాగుండాదప్పా" అని మామ నా వీపు చరిచాడు.

అది మా ఆర్కెస్ట్రా ఓనరు విన్నాడు. "ఇంక ఆయప్ప యాల? వ్యాన్లో ఒక మనిషి చోటు మిగుల్తాది" అన్నాడు.

ఆయన రాకుంటే నేనూ రాను అని ఒక్క మాట అంటే చాలు. ఆ పెట్టెలు ముట్టే దిక్కు నేను తప్ప ఇంకొకరు లేరు. ఓనరు దిగొచ్చేవాడే. కానీ బెల్లం కొట్టిన రాయిలా కూచున్నాను. నా పెట్టె గెలిచిందని లోపల పొంగు కూడా వచ్చింది. థూ, ఏం మనిషిని!

మామ లేకుండా మొదటి పెళ్ళి ఆయన ఉండే పాతూర్లోనే. మూడో పాట నడుమ కరెంటు పోయింది. జనరేటర్ వేశారు. ఆ హడావుడిలో పాట మళ్ళీ మొదలెట్టాను గానీ సన్నాయి పలికిన చోటల్లా అపస్వరమే. జనం మాత్రం తింటూనే ఉన్నారు.

మర్నాడు మామ ఇంటికి పోయాను. తప్పు చేశాను మామా, ఓనరుతో మాట్లాడతాను అని చెప్పాలని దారంతా కూడబలుక్కున్నాను. ఏరు దాటి తెప్ప తగలేశావురా అని తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

ఆయన చాప వేసి టీ ఇప్పించాడు.

"రాప్పా. నిన్న మైకు మా ఇంటి దాకా ఇనపడె. కరెంటు పోయొచ్చినాక నీ పెట్టె సగమే వంగె. యాల?"

అప్పుడు తట్టింది. జనరేటర్ వేశాక నాలుగు మెట్ల ఆజ్ఞ పంపడం మరిచాను!

"ఆ నాలుగు మెట్ల ఆజ్ఞను చేత్తో పంపకుండా ప్రతి పాట మొదట్లోనే ఎక్కించి పెట్టాలి మామా" అన్నాను. చెప్పాలని పోయింది అది కాదు.

"అట్లయితే పెట్టుకోప్పా. నలుగురూ ఇనేది నా గమకం. దాన్ని కుంటిదాన్ని చేయొద్దు."

క్షమించమని అడగకుండానే టీ తాగి లేచాను. ఆ సాయంత్రమే పాటలన్నిటికీ మొదట్లో ఆ ఆజ్ఞ ఎక్కించాను. తర్వాత ఎన్నిసార్లు కరెంటు పోయినా గమకం చెడలేదు. మామను పిలవాల్సిన పని ఎవరికీ పడలేదు.