మా బావ కట్టిన టీవీ చందా

మా బావ ఒరెస్ట్ హ్నాట్యూక్ పేపరు మిల్లులో యంత్రాలు బాగుచేసేవాడు. మిల్లు మూతపడ్డాక చేతులు ఊరుకోక, పాత కంప్యూటర్ల సామాను ఏరుకొచ్చి ఇంట్లో ఒక డబ్బా కట్టాడు. మా ఐలీ అక్కకు ఇష్టమైన కార్యక్రమాలన్నీ టీవీలో వచ్చినప్పుడల్లా అదే రికార్డు చేసి దాచిపెడుతుంది. కెనడాలో మా ఊరు థండర్ బేలో ఈ పిచ్చి మా బావ ఒక్కడిదే కాదు. నాదీ అదే బాపతు.

ఆ డబ్బాకి ఏ చానెల్లో ఎన్నింటికి ఏమొస్తుందో ఎవరో ఒకరు చెబుతూ ఉండాలి. మొదట్లో ఒక కంపెనీ ఆ వివరాలు ఊరికే ఇచ్చేది. ఉన్నట్టుండి ఇక ఇవ్వమంది. అప్పుడు దేశం నలుమూలలా ఉన్న మాలాంటివాళ్లు కలిసి సంఘం పెట్టుకున్నారు. మనిషికి ఏడాదికి ఇరవై డాలర్లు చందా వేసుకుని, ఆ వివరాలు కొని పంచుకోవడం మొదలుపెట్టారు. సంఘానికొచ్చే ఈమెయిల్ ఉత్తరాలకు జవాబులు రాసే పని, చందా ఫారాలు చూసే పని నా నెత్తిన పడ్డాయి. జీతం లేదు, సెలవు లేదు. పగలంతా బస్సు డిపోలో ఫోను దగ్గర కూర్చుని జనం చేత తిట్లు తినడం, ఇంటికొచ్చి కాఫీ కలుపుకుని మళ్లీ తిట్లు చదువుకోవడం. ఇరవై డాలర్లు కట్టిన ప్రతివాడూ నన్ను కొనేసుకున్నట్టే రాస్తాడు. మానేస్తానని ఏటా అంటాను. నా బదులు చేస్తానని ఏటా ఎవడూ అనడు.

సంఘంలో ఒక నియమం ఉంది. ఒక చందా ఒక ఇంటికే. ఇంటి చిరునామా రాసిస్తే ఆ ఇంటికొచ్చే చానెళ్ల నంబర్లతో సహా వివరాలు అందుతాయి. ఇంకో ఇంటికి కావాలంటే ఇంకో చందా కట్టాలి. ఈ నియమం పెట్టాలని అందరికంటే గట్టిగా పట్టుబట్టినవాడు మా బావే. "ఒకడు కట్టి పదిమందికి పంచిపెడితే ఈ దుకాణం ఎన్నాళ్లు నడుస్తుందిరా" అనేవాడు. చందా గడువు దగ్గరపడకముందే కట్టేసేవాడు కూడా ఆయనే.

తరవాత అక్కకు మతిమరుపు మొదలైంది. పొయ్యి మీద పెట్టినవి మాడిపోయేవి. మధ్యాహ్నం తిన్న ఆలుగడ్డ కూరిన పెరోగీలు తిన్నానా లేదా అని సాయంత్రం అడిగేది. ఏ రోజో, ఏ పూటో పట్టు చిక్కేది కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఊరి పత్రికవాళ్లు శనివారం వేసే టీవీ పేజీ ఆపేశారు. అక్క ఆ పేజీ కోసం ఇల్లంతా వెతుక్కునేది. అది చూడలేక మా బావ సంఘం ఇచ్చే వివరాల్లోంచి ఆమెకు కావలసినవి ఏరి, లావుపాటి అక్షరాలతో కాగితం మీద అచ్చు తీసి ఇవ్వడం మొదలుపెట్టాడు. రోజు, వేళ, చానెల్ నంబరు, కార్యక్రమం పేరు. అంతే. ఆ కాగితం ఒళ్లో ఉంటే ఆమెకు రోజు నిలబడేది. "ఇప్పుడు వంటల కార్యక్రమం, దాని తరవాత కర్లింగ్" అని తనలో తాను చెప్పుకునేది. మంచు మీద రాళ్లు జార్చే ఆ ఆటంటే ఆమెకు ప్రాణం. కుర్రతనంలో తనూ ఆడింది.

చలికాలంలో మెట్ల మీద జారి పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపలేమన్నారు. పెద్దవాళ్లను చూసుకునే హోమ్‌లో చేర్చాం. మా బావ రోజూ పొద్దున్నే వెళ్లి, ఆమె రాత్రి భోజనం అయ్యేదాకా కూర్చుని వచ్చేవాడు. ఎవరడిగినా ఒకటే మాట, మంచు కరిగేసరికి ఇంటికి తెచ్చేస్తానని. డాక్టరు ఆ మాట ఎప్పుడూ అనలేదు.

కాగితం మాత్రం మానలేదు. అయితే ఇంటి మీద ఉన్నది డిష్, హోమ్‌లో ఉన్నది కేబుల్. రెండింటి నంబర్లకూ పొంతన లేదు. మా బావ ఇంటి నంబర్లతోనే అచ్చు తీసి, ఒక్కొక్కటీ కొట్టేసి, పక్కన ఎర్ర పెన్నుతో హోమ్ నంబరు రాసేవాడు. కళ్లు సరిగా కనపడని మనిషి. కొన్ని దిద్దేవాడు, కొన్ని మరిచిపోయేవాడు. కేబులువాళ్లు నంబర్లు మార్చేసినా ఆయనకు తెలిసేది కాదు.

ఒక ఆదివారం ఏలకుల బన్నులు పట్టుకుని నేను వెళ్లాను. ఆరోజు కర్లింగ్ ఫైనల్. మా బావ కారు స్టార్టవక ఇంకా రాలేదు. అక్క కిటికీ పక్క కుర్చీలో రిమోట్ పట్టుకుని కూర్చుంది. టీవీలో ఎవడో కత్తులు అమ్ముతున్నాడు. కాగితం చూసి నంబరు నొక్కడం, కత్తులవాణ్ని చూడటం, మళ్లీ కాగితం చూడటం. అలా ఎంతసేపటి నుంచి చేస్తోందో. నన్ను చూడగానే కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నా బుర్ర పూర్తిగా పోయిందిరా రేనో," అంది. "అంకె చదువుతున్నాను. చదివిందే నొక్కుతున్నాను అనుకుంటున్నాను. నొక్కేది వేరే ఏదో. ఇంక నాకు టీవీ వద్దు, తీసెయ్యమని చెప్పు."

కాగితం తీసి చూశాను. ఆమె చదివింది సరిగ్గానే చదివింది, నొక్కింది సరిగ్గానే నొక్కింది. కాగితమే తప్పు. ఆ మాట చెప్పాను. నన్ను ఊరుకోబెట్టడానికి అంటున్నావులే అన్నట్టు నా చెయ్యి తట్టి, రిమోట్ నా ఒళ్లో పెట్టేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. మెదడు కొంచెం కొంచెంగా జారిపోతున్న మనిషికి, ఉన్న కాస్తంత మీద కూడా నమ్మకం పోగొట్టాడు మా బావ.

ఆ సాయంత్రమే ఆయన వంటింట్లో కూర్చుని అడిగేశాను.

"హోమ్ చిరునామాతో ఇంకో చందా కట్టొచ్చుగా బావా. అక్కడి నంబర్లు వాటంతటవే వస్తాయి. ఈ ఎర్ర పెన్ను గోల ఉండదు."

"వసంతం దాకానేగా. దిద్దుకుంటాను."

"ఇరవై డాలర్ల దగ్గర ఇంత పీనాసితనమా? నేను కడతాను, పో."

"నీ డబ్బు నీ దగ్గరే ఉంచుకో."

"పోనీ, నువ్వు కట్టకు, నేనూ కట్టను. సంఘం తాళాలన్నీ నా చేతిలోనే ఉన్నాయి. నీ చందా మీదే హోమ్‌ని కూడా కలిపేస్తాను. ఎవడు చూడొచ్చాడు?"

"నన్ను దొంగను చెయ్యకురా," అన్నాడు. కాసేపు కాఫీ చెంచాతో తిప్పుతూ కూర్చున్నాడు. తిప్పడానికి అందులో చక్కెర కూడా లేదు. "కడదామని కూర్చున్నాను, రేనో. ఒకసారి కాదు. ఆ ఫారం ఉంది చూడు, అందులో రెండో ఇల్లు ఎవరిదని అడుగుతుంది. ఐలీ హ్నాట్యూక్ అని కొట్టాలి. కింద ఆ హోమ్ చిరునామా. అంటే మేమిద్దరం వేరు కాపురం పెట్టామని నా చేత్తో నేను రాసిచ్చినట్టేగా. నావల్ల కాలేదు."

 ఫారం అలా తయారుచేసినవాణ్ని నేనే. అందులో మనసుకు తగిలేది ఏముంటుందని అప్పుడు అనుకున్నాను.

"అదంతా సరే," అన్నాను చివరికి. "కానీ అక్క తన బుర్ర పోయిందని ఏడుస్తోంది బావా. నువ్వు తప్పు రాసిన నంబరు నొక్కి."

ఆ సంగతి ఆయనకు తెలియదు. తలెత్తి నావైపు చూసి, మళ్లీ దించుకున్నాడు.  నేను కోటు తొడుక్కుని వచ్చేశాను.

మర్నాడు డిపో నుంచి వచ్చి సంఘం ఉత్తరాలు తెరిస్తే, తిట్ల మధ్య మా బావ ఉత్తరం ఉంది. ముక్కూ మొహం తెలియనివాడికి రాసినట్టు రాశాడు. "అయ్యా, నేను చందాదారుణ్ని. ఇల్లు మారాను. దయచేసి పాత చిరునామా తీసేసి ఈ కింది చిరునామా పెట్టగలరు." కింద హోమ్ చిరునామా. రెండో చందా ప్రసక్తే లేదు.

వెంటనే ఫోన్ చేశాను.

"ఇది మారిస్తే నీ ఇంట్లో డబ్బా పనిచెయ్యదు, తెలుసా?"

"తెలుసు."

"అంత కష్టపడి కట్టుకున్నావు."

"నేను ఇంటికి పడుకోడానికేగా వస్తున్నాను. నిద్రపోయేవాడికి టీవీ ఎందుకు? ఒక ఇల్లు, ఒక చందా. నియమం తప్పలేదు కదా?"

"తప్పలేదు."

"అయితే మార్చు. నిన్ను అడుక్కుంటున్నాననుకోకు, చందా కట్టినవాణ్ని."

మార్చాను. ఏళ్లుగా ఎన్నో చిరునామాలు మార్చాను కానీ ఏదీ నన్ను ఇంత అలసిపోయేలా చెయ్యలేదు. ఆ రాత్రి మిగతా ఉత్తరాలకు జవాబు రాయలేదు.

శనివారం నేను వెళ్లేసరికి మా బావ కొత్త కాగితం అక్క ఒళ్లో పెట్టి, కోటైనా విప్పకుండా మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఎర్ర గీతలు లేవు. అక్క రిమోట్ ముట్టుకోనంది. నాకు రాదు, మీరే పెట్టండి అంది. మా బావ ఒప్పుకోలేదు.

"నువ్వే నొక్కు. చదివింది చదివినట్టు నొక్కు."

చాలాసేపు చదివింది. ఒక్కొక్క అంకె నొక్కింది. తెర మీద తెల్లటి మంచు, దాని మీద జారుతున్న రాయి, రాయి ముందు మంచు ఊడుస్తూ చీపుళ్లతో పరుగెత్తే ఆడపిల్లలు. అక్క ఆటకేసి చూడలేదు. కాగితం వైపు, తన వేలి వైపు మార్చి మార్చి చూసుకుంది.

"మొన్న ఎందుకు రాలేదు మరి?"

"మొన్న తప్పు నాదే ఐలీ," అన్నాడు మా బావ. "నీ బుర్రది కాదు. పాత ఇంటి నంబర్లు రాసిచ్చాను."

"పాత ఇల్లంటే? మెట్లున్నది, అదేనా?"

"అదే."

"అక్కడ ఇప్పుడు ఎవరుంటున్నారు?"

మా బావ నా వంక చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను.

"ఎవరూ ఉండటం లేదు," అన్నాడు.

 అక్క ఆయన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

"మరి ఇంట్లో కూర్చుని కోటెందుకు?" అంది. "విప్పి సరిగ్గా కూర్చో. ఆట మొదలైంది."