హెడర్ ఫైలు రాసిన మా సారు

మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది, మా సారు పోయారని. వెంటనే ఆయన ఊరు చంద్రగిరికి బస్సెక్కాను. నేను వెళ్లేసరికే మా పాత మేనేజరు పెద్ద పూలదండ వేసి, "నా చేతుల మీద పైకొచ్చిన మనిషప్పా" అని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు.

తిరుపతిలో మా చిన్న కంపెనీకి ఎక్స్‌రే బొమ్మలను తేటపరిచే లైబ్రరీని, అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్‌ను, C భాషలో రాసింది సారు. అది ఏ కంప్యూటర్లోనైనా పనిచేయాలని ఆయన పట్టుదల. ఒక్కో బొమ్మలో లక్షల చుక్కలు. ప్రతి చుక్కకూ ఒక చిన్న ఫంక్షన్‌ను, అంటే ఒక్క పని చేసే కోడ్ ముక్కను, పిలవాలి; పిలిచి రావడానికే సమయం పోయేది. అందుకని ఆ ఫంక్షన్ కోడ్‌ను పిలిచిన చోటే పరిచేయమని, ప్రోగ్రామును మిషన్ భాషలోకి మార్చే కంపైలర్‌కు చెప్పేవారు. దాన్నే ఇన్‌లైన్ చేయడం అంటాం. ఆ రోజుల్లో ఆ మాటను ఒక్కో కంపైలరు ఒక్కో రకంగా రాయమనేది. కొన్నింటికి అసలు తెలియదు. ఆ తేడాలన్నింటినీ సారు, మిగతా ఫైళ్లన్నీ ముందుగా చదువుకునే ఒకే హెడర్ ఫైల్లో సర్దారు.

"సిన్న పనైతే పిల్సిన సోటే పరుసు. పెద్దదాన్ని వంద సోట్ల పరిస్తే బరువే గానీ వేగం రాదు" అనేవారు. ఊరికే అనేవారు కాదు. వేగం కొలిచి, చింపిన క్యాలెండర్ కాగితం వెనక పెన్సిల్‌తో రాసుకున్నాకే నోరు విప్పేవారు.

ఒకసారి సారు సెలవులో ఉండగా మేనేజరు నన్ను పిలిచాడు.

"ఈ హెడర్ గోల ఎందుకబ్బా? డెమో మన మిషన్లోనే గదా. అన్ని ఫంక్షన్లకూ నేరుగా మన కంపైలర్ మాటే పెట్టేయ్."

తప్పని తెలిసీ పెట్టాను. డెమోలో చప్పట్లు కొట్టారు. చెన్నైలో కస్టమర్ మిషన్‌లో మాత్రం, అక్కడి కంపైలర్‌కు ఆ మాట తెలియక, లైబ్రరీ కంపైల్ కూడా కాలేదు. మీటింగులో అందరి ముందూ మేనేజరు, "పాతకాలం మనిషి రాసింది, ఇట్లే ఉంటాది" అన్నాడు. సారు నా వైపు ఒక్కసారి చూశారు. నేను నేల చూశాను.

ఆయన నన్నేమీ అడగలేదు. మూడు రోజులు కూర్చుని, నేను చెరిపినదంతా మళ్లీ రాసి, చెన్నై మిషన్‌లో నడిపించి వచ్చారు. ఆ నెలాఖరుకే ఆయన్ను మాన్పించి, ఆ కుర్చీ నాకిచ్చారు. కూర్చున్నాను. మేనేజరు మీద అసహ్యం అప్పుడే పుట్టింది. నా మీద పుట్టింది ఇంకా పోలేదు.

సారు భార్య నన్ను గుర్తుపట్టారు.

"నువ్వేనా నాయనా? పని బాగా నేర్సుకున్నోడని ఎప్పుడూ సెప్తా ఉండిరి."

వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. దండెం మీద ఆయన తెల్లచొక్కా ఇంకా తడిగానే ఉంది. అంచు నుంచి ఒక్కో చుక్కా కిందికి జారుతోంది.