చుక్కాని మావకి తీసుకెళ్లిన లారీ ట్యూబు

మనసుకి కూడా జ్వరం వస్తుందని, దానికీ మందులుంటాయని ఊరూరా తిరిగి నమ్మించడమే ఆ రోజుల్లో నా ఉద్యోగం. పలాసలో అద్దెకి తీసుకున్న రెండు గదుల్లో మా సంస్థ. కిటికీ తీస్తే జీడిపిక్కలు కాల్చే పొగ. టెక్కలి నుంచి రోజూ బస్సులో వచ్చేవాణ్ణి, చేతిలో కొత్త డిగ్రీ, ఒంటినిండా ధైర్యం (ఆ ధైర్యం ఏపాటిదో సముద్రం తేల్చింది, ఆ సంగతికే వస్తున్నాను). మా పెద్దసారు మంచివాడే గాని, రోగం కన్నా 'రేపేమైనా అయితే' అన్న మాటకే ఎక్కువ భయపడేవాడు. బతకాలని లేదని ఒక్కసారి అన్న మనిషిని నీటి దగ్గరికి, తాడు దగ్గరికి, కత్తి దగ్గరికి పోనివ్వకూడదని ఆయన నియమం. బారువలో వేటకి వెళ్లేవాళ్ల ఇంట్లో ఆ మూడూ తీసేస్తే ఇంక మిగిలేది పొయ్యి. వాకిట్లోంచి సముద్రాన్ని ఎటు జరపాలో మాత్రం పెద్దసారు చెప్పలేదు.

ఆ బారువలోనే ఉండేవాడు చుక్కాని మావ. పడవ నడపడంలో చేయి తిరిగినవాడు కాబట్టి ఆ పేరు. తుపానులో తమ్ముడు పోయాక తిండీ మాటా మానేశాడు. ఒకరోజు తనూ వాడి దగ్గరికే పోతానన్నాడు. విశాఖ నుంచి నెలకోసారి వచ్చే డాక్టరమ్మ మందులు రాసింది, కొన్నాళ్లు ఆయన్ని ఒక్క క్షణం ఒంటరిగా వదల్లేదు. ఆ జాగ్రత్త అప్పుడు అవసరమే, నేనెప్పుడూ కాదనలేదు. కానీ నెలలు గడిచాయి. మావ కడుపునిండా తింటున్నాడు, వల బాగుచేసుకుంటున్నాడు, కూరలో ఉప్పు చాల్లేదని అత్తతో పోట్లాడుతున్నాడు (జబ్బు తగ్గిందనడానికి అత్త చెప్పిన గుర్తు ఇదే). ఇక వేటకి వెళ్తానన్నాడు. పెద్దసారు వీల్లేదన్నాడు. ఏదైనా అయితే సంస్థ పేరు పోతుందట. ప్రమాదం మావకా, మన పేరుకా అని అడిగాను. ఆయన తిరగని ఫ్యాను వైపు చూశాడు.

నాకు ఒళ్లు మండింది. చేపలు పట్టేవాణ్ణి ఇసకలో కూర్చోబెట్టి, బతికించామని చెప్పుకోవడానికి సిగ్గుండాలి కదా! ఎస్టీడీ బూత్ నుంచి డాక్టరమ్మకి ఫోన్ చేశాను. నలుగురితో కలిసి పగటిపూట వెళ్లొచ్చని, మాత్రలు మానకూడదని, ఆ ఆలోచన ఇంకా వస్తోందా అని ఆయన్నే సూటిగా అడగమని చెప్పింది. వెళ్లి అడిగాను. మావ వల పక్కన పెట్టి జవాబిచ్చాడు.

"మునుపు వచ్చేదిరా అల్లుడా. ఇప్పుడు రాదు. మల్లా వత్తే ముందు మీ అత్తకి సెప్తాను, తరవాత నీకు సెప్తాను."

పెద్దసారుకి ఇదంతా వినిపించాను. అంత పూచీ ఉంటే నువ్వూ పడవెక్కు అన్నాడు, నేను వెనక్కి తగ్గుతాననుకుని. ఎక్కుతానన్నాను. అప్పటిదాకా నేను దిగిన లోతైన నీళ్లు మా పెరటి నుయ్యి చుట్టూ నిలిచిన బురద.

మర్నాడు పొద్దున్నే పలాసలో లారీ టైర్ల కొట్టు నుంచి గాలి నింపిన ట్యూబు ఒకటి అడిగి, భుజాన తగిలించుకుని ఒడ్డుకి వెళ్లాను. పడవ తోస్తున్నవాళ్లంతా ఆగి చూశారు. మావ కూడా చూశాడు.

"ఇదేటి?"

నీకోసమే అన్నాను, గొప్పగా.

"నాను మునగాలనుకుంటే నీ టూబు ఆపుద్దేటి? బతకాలనుంది గాబట్టే ఏటకి ఎల్తన్నాను."

అని దాన్ని నా తలమీంచి దింపి నడుముకి బిగించాడు. ఆ వేషంతోనే చెప్పులు ఒడ్డున విడిచి పడవెక్కాను.

కెరటాలు దాటామో లేదో, తిన్న ఇడ్లీలు నన్ను విడిచి వెళ్లిపోయాయి. రోగిని కనిపెట్టుకుని ఉండటానికి వెళ్లినవాణ్ణి పడవ అంచు పట్టుకుని వేలాడుతుంటే, ఆ రోగి ఒక చేత్తో చుక్కాని, ఇంకో చేత్తో నా నుదురు పట్టుకున్నాడు. ఒడ్డుకి తీసుకుపొమ్మని బతిమాలాను. మావ నవ్వాడు. తమ్ముడు పోయాక ఆయన నవ్వగా చూడటం అదే మొదలని పడవలోవాళ్లు చెప్పారు. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుని, తమ్ముడు కూడా మొదటిసారి ఇలాగే కక్కాడని చెప్పాడు. వాడి దగ్గరికే పోతానన్న ఆ రోజు తరవాత వాడి గురించి ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. నాకూ ఏడుపొచ్చింది.

మధ్యాహ్నానికి నన్ను ఒడ్డున దించి అత్తకి అప్పగించారు. రోగి క్షేమమేనా అని మర్నాడు పెద్దసారు అడిగాడు. క్షేమం, నన్ను జాగ్రత్తగా తీసుకొచ్చాడు అన్నాను. ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే మానె, మావ మాత్రం ఆ తరవాత ఏళ్ల తరబడి వేటకి వెళ్లాడు. నేను చేసింది తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

ఇప్పుడు ఆ పెద్దసారు కుర్చీలో నేనున్నాను. మొన్న కొత్తగా చేరిన కార్యకర్త వచ్చి, డొంకూరులో ఒకాయన బాగా కోలుకున్నాడని, డాక్టరు కూడా సరేనన్నారని, మళ్లీ వేటకి పంపుదామని అడిగాడు. 'రేపేమైనా అయితే' అని నా నోట్లోంచే వచ్చింది! వాడు నన్ను చూసిన చూపు నాకు బాగా తెలిసిందే. ఒకప్పుడు ఆ చూపు నాది. లేచి, ఆనాటి నుంచీ గోడకి వేలాడుతున్న ఆ పాత ట్యూబు తీసి వాడి చేతికిచ్చాను. గాలి కొట్టించుకో, ఇద్దరూ వెళ్లండి అన్నాను.

"ఆయనకి సరిపోతుందా సార్?" అన్నాడు.

"ఆయనకి కాదు బాబూ, నీకు."