ట్వీడ్ గారి ఎండిన ఊట

నీకెన్ని ఆవులున్నాయని పశువుల మందలే ఆస్తిగా బతికే మా అమెరికా వయోమింగ్‌లో ఎవరూ ఎవరినీ అడగరు. అది మర్యాద కాదు. ఓర్లిన్ ట్వీడ్ ఆ మర్యాదను ప్రాణంతో సమానంగా చూసుకున్నాడు. పొరుగు మంద ఆసామి డ్యూయీ పాష్ మాటవరసకి ఆరా తీసినా, "ఏవో నాలుగు తోకలున్నాయిలే" అని టోపీ కిందకి లాక్కునేవాడు.

1951లో సర్కారు పటం గీయడానికి సర్వేయరు వచ్చాడు.

"గుట్ట వెనక ఊట ఉందటగదండీ?"

"ఎండిపోయి ఏళ్లయింది బాబూ. చుక్క లేదు."

నీళ్లున్నాయంటే పన్ను పడుతుందని ఓర్లిన్ భయం. అయితే వచ్చినవాణ్ణి ఆకలితో పంపడం ఆ ఇంటావంటా లేదు. భార్య ఐనెజ్ మాంసం, చిక్కుడు గింజలు వండి కడుపునిండా పెట్టింది. పటంలో ఊట లేకుండా అచ్చయ్యాక, సర్కారును భలే బురిడీ కొట్టించానని ఓర్లిన్ దాన్ని గోడకు తగిలించుకున్నాడు.

ఇరవై ఆరేళ్లకు కరువొచ్చింది. ఊట నుంచి గుట్ట కిందకి పారే నీళ్లు తనవేనని డ్యూయీ అర్జీ పెట్టాడు. ముందునుంచి వాడుకున్నవాడిదే నీరని మా చట్టం. విచారణలో నీళ్ల అధికారి పటం పరిచాడు.

"ఇక్కడ ఊటే లేదు కదండీ?"

అధికారి ఆనాటి సర్వేయరు రాసుకున్న పాత నోటుపుస్తకం కూడా తెప్పించాడు. అందులో ఇలా ఉంది: 'ఊట ఎండిందని యజమాని చెప్పాడు, అదే రాశాను. ఆ ఊట నీళ్లేనంటూ ఇల్లాలు గ్లాసు ఇచ్చింది, ఆ చల్లదనానికి పళ్లు జివ్వుమన్నాయి.'

"ఏది నిజం?"

"గ్లాసే నిజమండి" అన్నాడు ఓర్లిన్, తల దించుకుని. "నేను అబద్ధం చెప్పాను."

హాలంతా నవ్వింది. డ్యూయీ మొహం మాడిపోయింది. అప్పటికే ఊటను వాడుకుంటున్నాడు కనుక నీళ్లు ఓర్లిన్‌వే అన్నాడు అధికారి. ఇక తలకి ఇన్ని నీళ్లని లెక్కకట్టాలి కనుక, కలం పట్టుకుని మామూలుగా అడిగాడు.

"మీకెన్ని ఆవులండీ?"

డ్యూయీ చెవులు రిక్కించి ముందుకు వంగాడు. ఓర్లిన్ అది చూశాడు. చెయ్యి దానంతటదే టోపీ మీదకు పోయింది.

"ఏవో నాలుగు తోకలండి."

"ఓరి నీ నోరు పడ" అంటూ ఐనెజ్ లేచేసరికే కాగితం మీద ముద్ర పడింది.

నాలుగు ఆవులకు సరిపడా నీళ్లు దక్కాయి. నెల తిరక్కుండా మిగతా మంద సంతలో వేలానికి పోయింది. దూడప్పటి నుంచి ఎరిగిన ఒక్కో ఆవూ వెళ్తుంటే ఓర్లిన్ దాచుకోకుండా ఏడ్చాడు. వేలం పాడేవాడు మైకు దగ్గరపెట్టుకుని, జిల్లా అంతా వినేలా చదివాడు.

"ట్వీడ్ గారివి, నాలుగు వందల ఎనిమిది."