మేనేజర్ బంగ్లాలో అరటిపండ్ల రొట్టె

మా చిన్నతనంలో వారానికోసారి మా అవ్వ కొంగు తియ్యగా వాసన వచ్చేది... ఆ రోజు మేనేజర్ బంగ్లాలో అరటిపండ్ల రొట్టె కాల్చిందన్నమాట.

ఆదిలాబాద్ జిల్లాలో బొగ్గుబాయిల ఊరు మాది. మా వైపు అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తారు. బాపు బాయిలో దిగి బొగ్గు కొట్టేవాడు. అవ్వ మేనేజర్ ఇంట్లో వంట చేసేది. తొక్క నల్లబడ్డ పండ్లను పిసికి, గుడ్లు, మైదా, చక్కెర, వెన్న కలిపి, బొగ్గుల పొయ్యి మీది ఇనుప పెట్టెలో పెట్టి కాల్చేది. మేనేజర్ గారి భార్య నేర్పిందట. అందరం ఆమెను దొరసాని అనేవాళ్లం.

మాడిన అంచులు కోసి పారేస్తుంటే అవ్వ అడిగి తెచ్చేది. జొన్న గట్క తిన్నాక బాపు వాటిని చిన్న చిన్న ముక్కలు చేసి నా చేతిలో పెట్టేవాడు. "గిది రొట్టె గాదే పొల్లా... మిఠాయి!" అని నవ్వేవాడు. ఆయన పళ్లు తప్ప మొహమంతా బొగ్గే...

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒకరోజు బాయిలో బండ కూలింది.

నేను దవాఖానకు ఉరికేసరికి బాపు మంచం మీద ఉన్నాడు. నడుము కింద అంతా దుప్పటి కప్పారు. తెలివి ఉంది. నన్ను చూసి, "మీ అవ్వ ఏది బిడ్డా? జర తోల్కరా..." అన్నాడు. పక్కనే ఉన్న మల్లయ్య మామ, బాపుతో కలిసి పనిచేసేవాడు, నన్ను బయటికి తీసుకొచ్చి, "జల్ది ఉరుకు. ఎక్కడా ఆగకు" అన్నాడు.

ఎర్రటి ఎండ... చెప్పుల్లేవు. బంగ్లా గేటు దగ్గరికి పోయేసరికి బాయి సైరన్ పన్నెండు గంటల కూత వినబడింది.

దొరసాని ముందు వరండాలో పూలు సర్దుతోంది. ఏ ఊరావిడో తెలియదు, తెలుగు ఆగి ఆగి మాట్లాడేది. ఏడుస్తూ చెప్పాను... బాయిలో బండ కూలింది, బాపు అవ్వను తోల్కరమ్మన్నడు అని.

ఆమె ఒక్క క్షణం వంటిల్లున్న వైపు చూసింది. "సరే. మీ అమ్మకు నేను చెప్తాను. నువ్వు ఇక్కడే కూర్చో" అంది. లోపలికి పోయి, నిన్నటి రొట్టె ముక్క ఒకటి పింగాణీ పళ్లెంలో పెట్టి తెచ్చి ఇచ్చింది.

అంచు కాదు... నడిమి ముక్క. మెత్తగా, పసుపు రంగులో. నా జన్మలో మొదటిసారి.

తిన్నాను. మా బాపు అక్కడ అట్లా పడి ఉంటే, నేను ఇక్కడ వేళ్లు నాకుతూ తిన్నాను.

అవ్వ వస్తుంది, వస్తుంది అని చూశాను... వంటిల్లు బంగ్లా వెనక విడిగా ఉండేది. అటు పోదామంటే భయం. నన్ను కూర్చోమంది కదా... పెద్దావిడ చెప్తానంది కదా... నాలుగింటికి జీపుల్లో పెద్ద పెద్దవాళ్లు వచ్చారు. చెట్ల కింద కుర్చీలు వేశారు. అప్పుడు వచ్చింది అవ్వ... చేతిలో పళ్లెం, పళ్లెంలో పొగలు కక్కుతున్న రొట్టె.

నన్ను చూసి ఆగిపోయింది. "నువ్వెప్పుడొచ్చినవ్ బిడ్డా?"

"పన్నెండు గంటల కూతప్పుడు... దొరసాని నీకు చెప్పలేదా? బాపు మీద బండ పడ్డది..."

అవ్వ పళ్లెం అక్కడే నేల మీద పెట్టింది. దొరసానివైపు చూసింది. ఆమె మొహం తిప్పుకుంది. అవ్వ కొంగుతో నా మూతి తుడిచి, నా చెయ్యి పట్టుకుని ఉరికింది.

మేం పోయేసరికి బాపు కళ్లు తెరిచే ఉన్నాయి. మాట మాత్రం పోయింది. "మూడు గంటల దాకా నీ పేరే తలిచిండు చెల్లె..." అన్నాడు మల్లయ్య మామ. పొద్దు గుంకకముందే బాపు పోయాడు.

దినాలు కాగానే, మళ్లీ పనికి రమ్మని బంగ్లా నుంచి కబురొచ్చింది. అవ్వ నన్ను వెంటబెట్టుకుని పోయింది. ఎప్పుడూ పోయే వెనక దారిన కాదు... ముందు గేటు నుంచి.

"చిన్న దెబ్బే అనుకున్నాను. ఇంటికి అతిథులు వస్తున్నారు, మళ్లీ ఎవరు చేస్తారని..." దొరసాని గొణిగింది.

"చిన్నదో పెద్దదో చూసుకునేదాన్ని నేను. నా పెనిమిటి ఆయన. నా కోసం పిలిచి పిలిచి నోరు పడిపోయింది. గా ఒక్క రొట్టె మాడితే నీకు ఏమైతుండె దొరసాని?"

అవ్వ తిరిగి వచ్చేసింది. ఆ తర్వాత బాయి గడ్డమీద, బొగ్గులోంచి రాళ్లు ఏరే పనికి పోయి నన్ను చదివించింది. మా ఇంట్లో మళ్లీ అరటిపండు కనబడలేదు.

నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అదే నన్ను తినేసేది. పెళ్లై పిల్లలు పుట్టాక ఒకసారి అడిగేశాను... "నా మీద కోపం రాలేదా అవ్వా?"

"నువ్వు చిన్న పొల్లవు. నీ మీద కోపం పెట్టుకుంటే ఆమె మీద తగ్గుతది బిడ్డా. నేను తగ్గనియ్య."

తగ్గనివ్వలేదు. పోయేదాకా తగ్గనివ్వలేదు. ఇప్పుడు ఆ కోపం నాది. దేవుడు చూసుకుంటాడు, వదిలెయ్యమంటారు చాలామంది. ఎందుకు వదలాలి? ఆమె సారీ కూడా చెప్పలేదు. ఆ సాయంత్రం ఆ అతిథులు ఆ రొట్టె తినే ఉంటారు.

నిన్న కరీంనగర్‌లో మా మనవరాలు ఫోన్‌లో చూసుకుంటూ అదే రొట్టె చేసింది. ఇల్లంతా వాసన... నేను లేచి బయటికి పోయాను. "అమ్మమ్మకు నచ్చదులే" అని పిల్లలు నవ్వుకున్నారు. వాళ్లకు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు మరి. అందుకే ఇవాళ ఇక్కడ రాస్తున్నాను... ముందుగా వాళ్లే చదవాలని.

ఇప్పుడు ప్రతి ఇంట్లో అన్నీ వండుతున్నారు, అందరూ కూర్చుని తింటున్నారు. సంతోషమే. మీ ఇంట్లో కూడా పెద్దవాళ్లు ముట్టని వంటకం ఏదైనా ఉందా? నచ్చదని అనుకోకండి... పక్కన కూర్చుని, ఎందుకని ఒక్కసారి అడగండి.