రేణుక మీద వేసిన పథ్యం నింద

మా చెల్లెలి కూతురు రేణుకాదేవి ఆత్మకూరులో ఇరవై ఏళ్లుగా వెచ్చాల అంగడి నడుపుతోంది. మొగుడు పోయాక కూడా గల్లాపెట్టె మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. బెల్లం దిమ్మను చేత్తో ఎత్తి బరువు చెప్పేస్తుంది. అలాంటి మనిషి ఈ ఎండాకాలం వంటింటి మూలన నేరం చేసినదానిలా కూర్చుంది. చూసి నాకు ఒళ్లు మండింది.

బీడీ పొగైనా ఎరగని దానికి ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ వచ్చింది. నెల్లూరు డాక్టరమ్మ రోజుకొక మాత్ర రాసింది. పద్నాలుగు నెలలు గడ్డ కరిగింది, దగ్గు పోయింది. ఆ తర్వాత మళ్లీ దగ్గు. గడ్డ పెరిగిందని, ఇంకోసారి ముక్క తీసి పరీక్ష చేయాలని డాక్టరమ్మ చెప్పింది.

రేణుక బావగారు, అంటే మొగుడి అన్న, శ్రీమన్నారాయణ మాత్రం అంగడికొచ్చిన ప్రతివాళ్లకీ ఒకటే చెప్పాడు. "పథ్యం చెడగొట్టుకునింది. గోంగూర తినింది. నోరు కట్టుకోలేనోళ్లకి మందు ఎట్ట పనిచేస్తాది?"

రేణుక ఆ మాట నమ్మింది. రెండు నెలలు చారన్నమే తింది. పరీక్షకూ పోనంది.

"నేనే చెడుపుకున్నా పెద్దమ్మా. ఏ మొహం పెట్టుకోని పోయేది?"

"ఉదయగిరి నుంచి నీ ఏడుపు చూడను రాలా. చీర మార్చుకో."

నెల్లూరుకి మాతోపాటు శ్రీమన్నారాయణ కూడా వచ్చాడు. దారంతా గోంగూర పురాణమే. డాక్టరమ్మకీ అదే వినిపించాడు.

ఆమె రేణుకతో అంది: "క్యాన్సర్ కణం మీద ఒక ప్రోటీన్ ఉంటుంది. పెరగమని లోపలికి సంకేతం పంపేది అదే. మాత్ర దాన్ని మూసింది. సోమశిల కాలువ తూము మూస్తే మీ వైపు ఏం చేస్తారు?"

"పక్కన గండి కొడతారు."

"మీ గడ్డా అంతే. ఇంకో ప్రోటీన్ గుండా దోవ చేసుకుని ఉండాలి, లేదంటే మాత్ర అతుక్కోకుండా ఆ ప్రోటీనే రూపు మార్చుకుని ఉండాలి. ఏదో తెలిస్తేనే తర్వాతి మందు. గోంగూరకు సంబంధమే లేదు. నాలుగు కిలోలు తగ్గారు, తిండి ఎవరు మాన్పించారు?"

శ్రీమన్నారాయణ గోడమీద క్యాలెండరు చూస్తూ, "అయినా పథ్యం మంచిదే గదండీ," అని గొణిగాడు. రోగమైనా రూపు మార్చుకుంటుందట, ఈయన మారడు.

నర్సు పరీక్ష కాగితం తెచ్చింది. ఆయన పెన్ను తీశాడు. రేణుక కాగితం తనవైపు లాక్కుంది.

"మీరు బయట కూర్చోండి బావా. ఒళ్లు నాది, సంతకం నేనే పెడతా. అంగడికి పోయినాక, ఇంతమందికి చెప్పిన నోటితోనే ఈమె చెప్పింది కూడా చెప్పండి."